కొండలును దీవులును: చార్లెస్ డార్విన్ జీవితము

దక్షిణ అమెరికా ఖండమునకు పోవు నేటి యాత్రికులు ఒక్క ప్రయాణములోనే రెండు వింతలను చూచి వచ్చుచున్నారు. మొదట ఆండీస్ పర్వతముల మీది మెరక సీమలలో కొన్ని దినములు సంచరింతురు. పిమ్మట పసిఫిక్ మహాసముద్రములోని గాలాపాగస్ దీవులు చేరి, చిన్న ఓడలో ఒక దీవినుండి మఱియొక దీవికి పోవుచు, మనుష్యుని చూచి బెదరని జంతువులను కన్నులార చూతురు. రెండు మూడు వారములలో యాత్ర ముగియును. ఇంటికి వచ్చిన పిమ్మట కొండలను గుఱించి ఒక కథయు, దీవులను గుఱించి వేఱొక కథయు చెప్పుదురు. ఆ రెండు కథలను ఒక్కటిగా కలిపి చదివినవాడు 1835వ సంవత్సరమున ఆ కొండలను, ఆ దీవులను చూచిన 26 ఏండ్ల యువకుడు. ఆయన పేరు చార్లెస్ డార్విన్.

ప్రకృతిశాస్త్ర పాఠములలో ఆయన పేరు వినని విద్యార్థి అరుదు. అయితే పాఠ్యపుస్తకములలోని చిత్రమున నెఱసిన గడ్డముతో కానవచ్చు వృద్ధునే మనలో పలువురు ఎఱుగుదురు. కంచరగాడిద నెక్కి మంచుకనుమలు దాటిన యువకుని, నిప్పుకొండల నల్లరాళ్లపై తాబేళ్ల వెంట నడచిన యువకుని మేము ఈ సంచికయందు చదువరులకు పరిచయము చేయదలచితిమి.

డార్విన్ ఇంగ్లాండులోని ష్రూస్‌బరీ పట్టణమున 1809వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన జన్మించెను. తండ్రి రాబర్టు డార్విన్ పేరుగాంచిన వైద్యుడు. బాలునకు ఎనిమిదవ యేటనే తల్లి సుసన్నా గతించగా అక్కలు ఆతనిని పెంచిరి. ఆనాటి బడిలో లాటిను గ్రీకు పద్యములు వల్లించుటయే ముఖ్యమైన చదువు. అది ఆతనికి రుచింపలేదు. గులకరాళ్లు, చిప్పలు, పురుగులు పోగుచేయుటయందే ఆతనికి ప్రీతి. అన్నయగు ఎరాస్మస్‌తో గూడి తోటలోని కొట్టములో రసాయన ప్రయోగములు చేయుచుండగా తోడి బాలురు గ్యాసు అని మాఱుపేరు పెట్టిరి. ఇట్టి పనికిమాలిన వ్యాపకములతో కాలము వ్యర్థపుచ్చుచున్నాడని ప్రధానోపాధ్యాయుడు నలుగురిలో మందలించెను. వేటయు కుక్కలును తప్ప మఱేదియు పట్టని ఈ కుమారుడు వంశమునకు తలవంపులు తెచ్చునేమోయని తండ్రియు నొచ్చుకొనెను.

16 ఏండ్ల ప్రాయమున తండ్రి ఆతనిని వైద్యవిద్యకై ఎడింబరో నగరమునకు పంపెను. శస్త్రచికిత్సలో మత్తుమందు వాడుక ఇంకను రాని దినములవి. ఒక బిడ్డకు జరుగుచున్న శస్త్రచికిత్సను చూడజాలక యువకుడు గదినుండి వెడలిపోయెను. మఱల అట్టి గదిలో అడుగిడలేదు. ఎడింబరోలో ఆయన నేర్చిన మేలైన విద్య వేఱొకటి. దక్షిణ అమెరికాలోని గయానా దేశమున బానిసగానుండి విడుదల నొందిన జాన్ ఎడ్మన్‌స్టన్ అను నల్లజాతివాడు, పక్షుల చర్మములను ఒలిచి లోపల దూది కూర్చి నిలువచేయు పనితో ఆ నగరమున జీవించుచుండెను. డార్విన్ రుసుము చెల్లించి, ఆయనయొద్ద కూర్చుండి ఆ పనిని నేర్చుకొనెను. బానిసత్వమును ఏవగించు కుటుంబమున పుట్టిన డార్విన్ ఆ గురువును తెలివిగల సజ్జనుడుగా జీవితాంతము తలచుకొనుచుండెను. తరువాతి కాలమున సముద్రములు దాటి వచ్చిన పక్షులు చెడిపోక లండను చేరుటకు ఈ విద్యయే అక్కఱకు వచ్చెను.

వైద్యము కుదరకపోగా, పాదిరి యగుటకై 1828లో కేంబ్రిడ్జి నగరమందలి క్రైస్ట్స్ కళాశాలలో చేరెను. ఊరిగుడికి కాపరియై యుండి, తీరిక వేళల చెట్టుచేమలను పరిశీలించుట ఆనాటి ఇంగ్లీషు పాదిరులలో పలువురకు అలవాటు. డార్విన్ దృష్టి యంతయు పెంకుపురుగుల మీదనే యుండెను. ఒకనాడు చెట్టుబెరడును ఒలువగా అరుదైన పురుగులు రెండు కానరాగా చేతికొకటి పట్టెను. అంతలో మూడవది కనబడెను. దానిని విడువ మనసొప్పక కుడిచేతి పురుగును నోటిలో వేసికొనెను. అది మంటపుట్టించు రసమును చిమ్మగా ఉమ్మివేయవలసి వచ్చెను; అదియు పోయెను, మూడవదియు పోయెను. వృక్షశాస్త్రాచార్యుడును పాదిరియు నగు జాన్ హెన్స్‌లో ఈ యువకునిలోని ఆసక్తిని కనిపెట్టి, సాయంకాలములలో తనవెంట నడపించుకొని పోయి చూపును దిద్దెను. 1831లో డార్విన్ పరీక్షయందు కృతార్థుడయ్యెను.

ఆ వేసవియందే హెన్స్‌లో వ్రాసిన జాబు వచ్చెను. బీగిల్ అను ప్రభుత్వపు ఓడ దక్షిణ అమెరికా తీరములను కొలిచి పటములు వ్రాయుటకు పోవుచున్నదనియు, కెప్టెనునకు తోడుగా ప్రకృతిశాస్త్రమెఱిగిన యువకుడు కావలెననియు అందలి సంగతి. జీతము లేదు. తండ్రి వలదనెను, అయినను బుద్ధిమంతుడెవడైన పొమ్మని చెప్పినచో తాను అడ్డురానని ఒక సందు విడిచెను. మేనమామ జోసయా వెడ్జివుడ్ బండి కట్టించుకొని వచ్చి, తండ్రి చూపిన ఆక్షేపణలకు ఒక్కొక్కదానికి సమాధానము చెప్పి ఒప్పించెను. 1831వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన బీగిల్ ప్లిమత్ రేవు వదలెను. రెండేండ్లని తలపెట్టిన యాత్ర దాదాపు ఐదేండ్లు సాగెను.

ఓడ పొడవు 90 అడుగులు. అందులో 70 మందికి పైగా జనులు. కెప్టెను రాబర్టు ఫిట్జ్‌రాయ్ డార్విన్ కంటె నాలుగేండ్లే పెద్ద. డార్విన్ ఉయ్యాలపడక పటముల బల్లపైనే వ్రేలాడుచుండెను. సముద్రమెక్కిన నాటనుండి దిగునంతవఱకు ఆయనకు సముద్రపు వికారము విడువలేదు. ఆ వికారమున సయితము చార్లెస్ లయల్ రచించిన భూగర్భశాస్త్ర గ్రంథమును చదువుచుండెను. భూమి యొక్క రూపము ఒక్కమాఱుగా సంభవించిన మహోపద్రవములచేత గాక, నేటికిని మన కన్నులయెదుట జరుగుచున్న చిన్నచిన్న మార్పులు అనేక యుగములు కూడుటచేత ఏర్పడినదని లయల్ వాదించెను. చదివిన దానిని కన్నులతో సరిచూచు భాగ్యము డార్విన్‌కు నాలుగవ యేట లభించెను.

1835వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన చిలీ దేశములోని వాల్డివియా యొద్ద అడవిలో డార్విన్ విశ్రాంతికై మేను వాల్చియుండగా భూమి కంపించెను. రెండు నిమిషములు మాత్రమే. ఆ కొద్ది కాలము ఆయనకు ఎంతో దీర్ఘముగా తోచెను. ఓడ ఉత్తరముగా సాగి కన్సెప్సియాన్ చేరునప్పటికి ఆ పట్టణమున నిలువుగానున్న ఇల్లు కనబడుట అరుదయ్యెను. సముద్రము పొంగి రేవును ముంచిపోయెను. ఆ శిథిలములనడుమ డార్విన్ మఱియొక సంగతిని గమనించెను. తీరమందలి నేల రెండు మూడు అడుగులు పైకి లేచియుండెను. 30 మైళ్ల దూరమందలి శాంతా మరియా దీవిలో, నీటి అంచునకు పది అడుగుల ఎత్తున రాళ్లకు అంటుకొనియే చచ్చి కుళ్లుచున్న ఆల్చిప్పలను ఫిట్జ్‌రాయ్ కనుగొనెను. కొండలు ఎట్లు పెరుగునో చెప్పు సాక్ష్యము అది.

ఆ సాక్ష్యము మనసునందుండగనే డార్విన్ మార్చి 18వ తేదీన శాంటియాగో నగరమునుండి ఆండీస్ పర్వతములను దాటుటకు బయలుదేఱెను. మరియానో గొంజాలెస్ అను తోడుగాడును, గాడిదలను తోలు మనుష్యుడొకడును వెంటనుండిరి. పది కంచరగాడిదలు, వానికి ముందు మెడలో గంట కట్టిన ఆడుగుఱ్ఱ మొకటి. ఆ గంట మ్రోత విన్నచో గాడిదలు రాత్రి ఎంత దూరము మేసినను దారితప్పక ఆ గుఱ్ఱమును చేరుకొనును. పోర్టిల్లో కనుమ మార్గమున వారు 13,000 అడుగులకు పైగా ఎక్కిరి. మన తూర్పు కనుమలలోని మిక్కిలి ఎత్తైన శిఖరమునకు అది రెండింతలకు మించిన ఎత్తు. ఊపిరి ఆడదు, పదడుగులు వేసినచో ఆగవలెను. ఆ రాత్రి పొయ్యిమీద కుండలో వేసిన బంగాళదుంపలు తెల్లవార్లు ఉడికినను మెత్తబడలేదు. క్రొత్త కుండ మొండితనము చేయుచున్నదని తోడి మనుష్యులు తేల్చుకొనిరి. అంత ఎత్తున గాలి ఒత్తిడి తక్కువగుటచేత నీరు చాలినంత వేడెక్కకయే మరగునని డార్విన్ ఎఱుగును. పై తరగతులవారు భౌతికశాస్త్రమున చదువు పాఠమే ఇది.

కనుమ అంచున రాతిలో ఆయనకు సముద్రపు గవ్వల శిలాజములు దొరకెను. ఆ సంతోషమున ఊపిరాడని బాధను సయితము మఱచెను. మూడడుగులు లేచిన తీరమును ఆయన కొద్ది దినముల క్రిందటనే చూచియుండెను. 13,000 అడుగుల ఎత్తునకు లేచిన సముద్రపు అడుగు ఇప్పుడు పాదముల క్రింద నుండెను. ఆ మూడడుగులకును ఈ పదమూడువేలకును నడుమనున్నది కాలము తప్ప వేఱొకటి కాదని ఆయనకు తోచెను.

పర్వతములకు ఆవలనున్న మెండోసా పట్టణమునకు పోవు దారిలో, ఒక గ్రామమున రాత్రి పరుండినప్పుడు అంగుళము పొడవుగల నల్లని నల్లిజాతి పురుగులు మేనిపై ప్రాకి రక్తము పీల్చెను. ఆయనను తరువాత జీవితాంతము పీడించిన వ్యాధికి ఆ కాటే మూలమని కొందఱు వైద్యులు ఊహించిరి. అది నిశ్చయముగ తేలలేదు. తిరుగు ప్రయాణమున ఉస్పల్లాటా కనుమ దారిలో, సుమారు 7,000 అడుగుల ఎత్తున, ఒక బోడి మిట్టపై తెల్లని స్తంభములవంటివి నిలిచియుండుట చూచెను. దగ్గఱకు పోగా అవి రాయిగా మాఱిన చెట్లమొదళ్లు. డార్విన్ అచ్చట నిలిచి వాని చరిత్రను చదివెను. ఒకప్పుడు అట్లాంటిక్ మహాసముద్రము ఈ పర్వతపాదము వఱకు వ్యాపించియుండగా ఆ తీరమున ఈ వృక్షములు పెరిగెను. నేల క్రుంగి అవి సముద్రములో మునిగెను. వేల అడుగుల మందమున మన్నును నిప్పుకొండల రాయియు వానిని కప్పెను. మఱల ఆ సముద్రపు అడుగు పర్వతమై లేచెను. వానలును ఏఱులును కోసి ఆ మొదళ్లను బయలుపఱచెను. సముద్రము నేడు అచ్చటికి 700 మైళ్ల దూరమున నున్నది. ఏప్రిల్ 10వ తేదీన ఆయన శాంటియాగో చేరెను. ఆ 24 దినములలో కొండ ఆయనకు కాలమును గుఱించిన పాఠమును చెప్పెను.

చిలీ పెరూ తీరములలో మఱి కొన్ని నెలలు గడపిన పిమ్మట, సెప్టెంబరు 15వ తేదీన బీగిల్ గాలాపాగస్ దీవులను చేరెను. ఈక్వడారు దేశపు తీరమునకు సుమారు 600 మైళ్ల పడమట, భూమధ్యరేఖపై నున్న ఈ దీవులన్నియు సముద్రమునుండి నిప్పుకొండలు లేచుటచే ఏర్పడినవి. మొదట కాలుమోపిన చాతమ్ దీవియందు డార్విన్‌కు కనబడినది నల్లని రాయియు, ఆకురాలినట్లున్న పొదలును, పొయ్యివలె కాలుచున్న నేలయు. జేమ్స్ దీవిలో ఇసుకయందు గ్రుచ్చిన ఉష్ణమాపకము 137 ఫారెన్‌హీట్ డిగ్రీలకు ఎగబ్రాకెను. ఆపైన గీతలు లేనందున అసలు వేడిమి ఎంతయో తెలియకపోయెను. ఈ రెండు దీవులను నేడు సాన్ క్రిస్టోబల్ అనియు శాంటియాగో అనియు పిలుచుచున్నారు. ఓడ ఐదు వారములు ఆ దీవులనడుమ తిరుగగా డార్విన్ నాలుగు దీవులపై దిగి నడచెను.

మనుష్యుని భయమెఱుగని ఆ ప్రాణులు ఆయనకు మహాశ్చర్యమును గొల్పెను. చెట్టుకొమ్మపై కూర్చున్న డేగను తుపాకి మొనతో నెట్టవలసి వచ్చెను. చేతనున్న పాత్రపై ఒక పక్షి వ్రాలి నీరు త్రాగెను. సముద్రపుటొడ్డున ఉడుములను బోలిన నల్లని ఇగ్వానాలు గుంపులుగా ఎండ కాగుచుండెను. వాని కడుపును కోసి చూడగా సముద్రపు నాచు తప్ప వేఱేమియు లేదు. ఒకదానిని పట్టి మాటిమాటికి నీటిలోనికి విసరగా అది ప్రతిమాఱును ఈదుకొని ఆయన నిలిచిన చోటికే తిరిగి వచ్చెను. దానికి శత్రువులు నీటిలోనే గాని నేలపై లేరు గనుక, భయము పుట్టినప్పుడెల్ల నేలనే ఆశ్రయించునని డార్విన్ ఊహించెను. ఇక తాబేళ్లు ఆఱెనిమిదిమంది మనుష్యులు కూడిన గాని ఎత్తరానంత పెద్దవి. తీరమునుండి కొండమీది నీటిబుగ్గలకు అవి నడచి నడచి వెడల్పైన బాటలు ఏర్పడియుండెను. డార్విన్ వాని నడకను కొలిచి, పది నిమిషములకు 60 గజములని లెక్కకట్టెను. పెంకుపై ఎక్కి కూర్చుండియు చూచెను గాని జాఱిపడకుండుట కష్టమయ్యెను.

చార్లెస్ దీవియందు ఉపగవర్నరుగా నున్న నికొలస్ లాసన్ అను నాతడు మాటలసందర్భమున ఒక సంగతి చెప్పెను. ఏ తాబేటిని చూపినను అది ఏ దీవినుండి తెచ్చినదో తాను చెప్పగలననెను. డార్విన్ ఆ మాటను విన్నాడేగాని అప్పటికి దాని విలువను గుర్తింపలేదు. ఒకదానికొకటి కనబడునంత దగ్గఱగా, ఒకే రాయితో ఏర్పడి, ఒకే ఎండను అనుభవించుచున్న దీవులలో వేఱువేఱు ప్రాణులుండునని ఎవరు తలంతురు? అందువలన ఆయన తాను పట్టిన పిచ్చుకలవంటి చిన్నపక్షులలో రెండు దీవులవానిని కలిపివేసెను. ఏది ఎచ్చటిదో చీటి కట్టలేదు. మాకింగ్‌బర్డ్ అను పక్షుల విషయమున మాత్రము ఆయన కన్ను మోసపోలేదు. చార్లెస్ దీవి పక్షికిని చాతమ్ దీవి పక్షికిని భేదమును కనిపెట్టి, అప్పటినుండి ఆ జాతి పక్షులకు దీవి పేరు తప్పక వ్రాసెను.

అక్టోబరు 20వ తేదీన ఓడ ఆ దీవులను విడిచెను. ఆహారమునకై ఎక్కించిన తాబేళ్లను నావికులు దారిలో వండుకొని తిని పెంకులను సముద్రములో పాఱవైచిరి. లాసన్ మాటకు రుజువు కాదగిన వస్తువులు అట్లు అలలపాలయ్యెను. మఱుసటి యేట ఇంటిదారిలో తన టిప్పణములను తిరుగవ్రాయుచు డార్విన్ మొదటిమాఱు శంకించెను. దీవికొక తాబేలు, దీవికొక పక్షి యున్నమాట నిజమైనయెడల, ప్రాణిజాతులు మాఱని స్థిరములని అందఱును నమ్ము సిద్ధాంతము నిలుచునా? 1836వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన బీగిల్ ఫాల్మత్ రేవు చేరెను. డార్విన్ మఱల స్వదేశము విడువలేదు.

1837 జనవరిలో ఆయన పక్షులను లండను జంతుశాస్త్ర సంఘమువారికి అప్పగించెను. పక్షిశాస్త్రవేత్త జాన్ గూల్డ్ వానిని పరీక్షించి, డార్విన్ వేఱువేఱు కుటుంబములవని తలచిన చిన్నపక్షులన్నియు ఒకే కుటుంబమునకు చెందిన క్రొత్త జాతులని తేల్చెను. వాని ముక్కులు మాత్రము సన్నని పట్టకారునుండి లావైన పటకా వఱకు వరుసగా భేదించియుండెను. పిమ్మటి లెక్కలో అవి 13 జాతులయ్యెను. మాకింగ్‌బర్డులును మూడు జాతులని తేలెను. అప్పుడు డార్విన్‌కు చీటీల విలువ తెలిసెను. కెప్టెను ఫిట్జ్‌రాయ్‌యును, సేవకుడు సిమ్స్ కవింగ్టనును తమకై పోగుచేసికొన్న పక్షులకు దీవుల పేర్లు వ్రాసియుంచిరి. ఆచార్యుల శిష్యుడు విడిచిన పనిని సేవకుడు చేసియుండెను. డార్విన్ సిగ్గుపడక వారిని అడిగి తెలిసికొని తన లోపమును పూరించుకొనెను. తరువాత తన గ్రంథములో ఆ లోపమును దాచనులేదు.

ఇక కొండపాఠమును దీవిపాఠమును ఆయన ఎట్లు కలిపెనో చెప్పవలెను. ఆ దీవులు భూమి వయస్సుతో పోల్చగా నిన్న మొన్న సముద్రమునుండి లేచినవి. అందలి పక్షులు దక్షిణ అమెరికా పక్షులకు చుట్టములవలె నుండియు, అవే కావు. ఏనాడో గాలికి కొట్టుకొనివచ్చిన కొన్ని పక్షుల సంతతి, దీవిదీవిలో వేఱుపడి, మెల్లమెల్లగ మాఱినదనుకొన్నచో ఈ చిక్కు విడును. అయితే అంత మార్పునకు కాలమెక్కడిది? ఆ ప్రశ్నకు జవాబు ఆండీస్ కొండపై గవ్వలరూపమున దొరికియుండెను. మూడేసి అడుగులు లేచుచు తీరము పర్వతమైనట్లే, వెండ్రుకవాసి భేదములు తరతరములు కూడి క్రొత్త జాతి ఏర్పడవచ్చును. కొండ లేనిచో దీవి అర్థముకాదు. దీవి లేనిచో కొండ రాళ్లకథగనే మిగులును.

మార్పునకు కారణమేమన్న ప్రశ్న ఇంకను మిగిలెను. 1838లో మాల్థస్ అను పాదిరి జనసంఖ్యనుగూర్చి వ్రాసిన గ్రంథమును చదువగా అదియు తోచెను. ప్రతి ప్రాణియు బ్రదుకగల దానికంటె ఎక్కువ సంతానమును కనును. ఆ సంతానములో ఏ రెండును అచ్చముగ ఒక్కతీరున నుండవు. ఆ చోటికి తగిన చిన్న మేలు గలది బ్రదికి పిల్లలను కనును, లేనిది నశించును. తోటమాలి మంచి విత్తనమును ఏరినట్లు ప్రకృతియే ఏరుచున్నది. దీనికే ప్రకృతివరణమని పేరు.

అంత గొప్ప తలంపు దొరికినను ఆయన దానిని వెంటనే ప్రకటింపలేదు. 1839లో మేనమామ కుమార్తెయైన ఎమ్మాను వివాహమాడి, 1842లో కెంటు మండలములోని డౌన్ గ్రామమున కాపురము పెట్టెను. 1844లో 230 పుటల వ్యాసము వ్రాసి, తాను మరణించినచో అచ్చువేయింపుమని భార్యకు జాబు వ్రాసి దాచెను. జాతుల సంగతి మాటాడువాడు ఒక్క జాతినైన లోతుగా ఎఱిగియుండవలెనని, ఓడల అడుగున అంటుకొని పెరుగు బార్నకిల్స్ అను గుల్లప్రాణులను ఎనిమిదేండ్లు పరిశోధించెను. దేహమున నిత్యము అనారోగ్యము. 1851లో పదేండ్ల కుమార్తె యాన్నీ మరణించెను. ఆ దుఃఖము ఆయనను కడవఱకు విడువలేదు.

1858 జూనులో, మలయ ద్వీపములనుండి ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ పంపిన చిన్న వ్యాసము టపాలో వచ్చెను. చదివిన డార్విన్ నిశ్చేష్టుడయ్యెను. ఇరువదియేండ్లు తాను దాచుకొన్న తలంపే అందు స్పష్టముగ నుండెను. ఆ వ్యాసమును అణచివేయుట ఆయన చేతిలో నున్నది. ఆయన అట్లు చేయక, దానిని మిత్రులగు లయల్, హూకరుల కప్పగించి తన కీర్తి మాట వారి న్యాయమునకు విడిచెను. అదే దినములలో ఆయన పసికుమారుడు స్కార్లెట్ జ్వరమున మరణించెను. జూలై 1వ తేదీన లిన్నేయన్ సంఘమున ఇరువురి వ్రాతలను కలిపి చదివిరి. వాలెస్ అసూయపడలేదు, వారి స్నేహము తుదివఱకు నిలిచెను. 1859 నవంబరు 24వ తేదీన జాతుల పుట్టుకను గూర్చిన డార్విన్ గ్రంథము వెలువడెను. మొదటి ముద్రణమున 1,250 ప్రతులు అచ్చువేయగా, అమ్మకమునకు పెట్టినవానిని పుస్తక వ్యాపారులు వెంటనే తీసికొనిరి.

గ్రంథము పెద్ద కలకలమును పుట్టించెను. ఐదేండ్లు ఒకే బల్లయొద్ద భోజనము చేసిన ఫిట్జ్‌రాయ్ 1860లో ఆక్సుఫర్డు సభయందు లేచి బహిరంగముగ విరోధించెను. పాదిరులలోను కొందఱు ఎదిరించిరి, కొందఱు అంగీకరించిరి. పాదిరి కాదలచిన డార్విన్‌కు యౌవనపు విశ్వాసము క్రమముగ సడలిపోయెను. భక్తురాలైన ఎమ్మాకు అది మనోవ్యథ కలిగించెను. మేము దానిని మఱుగుపఱుపము. అయినను ఆయన ఇతరుల విశ్వాసమును ఎగతాళి చేయలేదు. ఊరి పాదిరి ఇన్నెస్‌తో చిరకాల స్నేహము నెఱపి, గ్రామములోని పేదల సహాయనిధి లెక్కలను తానే వ్రాయుచుండెను. దక్షిణ అమెరికా కొననున్న టియెర్రా డెల్ ఫ్యూగో జనులు బాగుపడరని యౌవనమున తలచినవాడు, అచ్చటి మిషను పనివలన జరిగిన మేలును పూర్వపు ఓడసహచరుడు సలివన్ తెలుపగా, తన తలంపు తప్పని ఒప్పుకొని ఆ మిషనునకు చందా పంపుచుండెను. 1865లో ఫిట్జ్‌రాయ్ అప్పులతో మరణించినప్పుడు ఆయన కుటుంబపు సహాయనిధికి 100 పౌనులిచ్చెను.

వానపాములు నేలను ఎట్లు సారవంతము చేయునో తెలుపు గ్రంథము ఆయన చివరి రచన. అది 1881లో వెలువడెను. అందును అదే పాఠము: చిన్న ప్రాణి, చిన్న పని, పెద్ద కాలము. 1882వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన డార్విన్ కాలధర్మము నొందెను. 26వ తేదీన లండనులోని వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ దేవాలయమున ఆయనను సమాధి చేసిరి.

ఆయన ప్రశ్నను తరువాతివారు విడువలేదు. పీటర్ గ్రాంట్, రోజ్మరీ గ్రాంట్ దంపతులు 1973 మొదలు గాలాపాగస్‌లోని డాఫ్నీ మేజర్ అను చిన్న దీవిపై పిచ్చుకల ముక్కులను ఏటేట కొలిచిరి. 1977లో వానలు లేక చిన్న గింజలు తఱిగిపోగా, గట్టి గింజలను పగులగొట్టగల పెద్ద ముక్కుల పక్షులే ఎక్కువగ బ్రదికెను. వాని పిల్లలకును పెద్ద ముక్కులే వచ్చెను. యుగములు పట్టునని డార్విన్ తలచిన పని కొన్ని యేండ్లలోనే కంటబడెను. తాబేళ్లకు మాత్రము కీడు తప్పలేదు. ఓడలవారు తినివేయుటచేతను, మనుష్యులు తెచ్చి విడిచిన మేకలు మేతను హరించుటచేతను కొన్ని దీవుల జాతులు నశించెను. పింటా దీవి జాతిలో మిగిలిన ఒక్క మగతాబేలు 2012 జూనులో చనిపోయెను. 1959లో ఈక్వడారు ప్రభుత్వము ఆ దీవులను జాతీయోద్యానముగ ప్రకటించెను. అచ్చటికి పోవువారు ఇప్పుడు అనుమతిగల మార్గదర్శకుని వెంట నడువవలెను. ప్రాణులకు ఆఱడుగుల దూరమున నిలువవలెను.

అంత దూరము పోవు అవకాశము మనలో ఎందఱికి కలుగునో కాని, చూచుటకు కొండయు నీరును మనకు దూరమైనవి కావు. మన విద్యార్థులు సెలవులలో ఏటి ఒడ్డున గవ్వనో, కొండపాదమున రాతినో, రాలిన ఈకనో ఏరి తెచ్చినయెడల, అది ఎచ్చట, ఏ దినమున దొరకెనో చిన్న చీటిపై వ్రాసి ఆనాడే దానికి కట్టుదురుగాక.